వెనక అద్దం మీద పడని రాయి

కొత్త శతాబ్దం మొదలై మూడు నాలుగేళ్ళు గడిచాక, ఒక వేసవి ఆరంభంలో, మా బీమా సంస్థ నన్ను పంజాగుట్ట డివిజనల్ ఆఫీసుకు బదిలీ చేసింది. నేను ఆటోమొబైల్ ఇంజనీరును. హోదా ప్రకారం అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరునే అయినా, కుర్చీలో కూర్చుని చేసే పని తక్కువ. పెద్ద ప్రమాదాలకు లైసెన్సున్న సర్వేయర్లను బయటి నుంచి నియమించేవారు. సొట్టపడిన డోరు, విరిగిన బంపరు, పగిలిన అద్దం లాంటి చిన్న నష్టాలను మాత్రం ఆఫీసు ఇంజనీరే వెళ్ళి చూసి రిపోర్టు రాయాలి. ఆ రిపోర్టును బట్టే క్లెయిము మంజూరవుతుంది, లేదా తిరస్కరణకు గురవుతుంది.

ఆ ఏళ్ళలో అమీర్‌పేట సందుల్లో నడవాలంటే భుజాలు రాసుకుంటూ నడవాల్సిందే. ప్రతి మేడ మీదా కంప్యూటరు కోర్సుల బోర్డులు, ప్రతి గుమ్మం దగ్గరా కరపత్రాలు పంచే కుర్రాళ్ళు, కింద జిరాక్సు షాపులు, టిఫిను బండ్లు, వాటి మధ్యలో ఎక్కడ చోటు దొరికితే అక్కడ దూర్చి పెట్టిన కొత్త కార్లు. మొదటిసారి కారు కొన్నవాళ్ళే ఎక్కువ. అందుకని మా విభాగానికి పని కూడా ఎక్కువే.

ఎండలు ముదరగానే ఒక రకం క్లెయిములు వరుసగా వచ్చేవి. ఆపి ఉన్న కారు వెనక అద్దం ఉన్నట్టుండి పేలి ముక్కలైపోయింది అని. కారణం రాయాల్సిన చోట దాదాపు అందరూ రాసేది ఒకే వాక్యం: గుర్తు తెలియని వ్యక్తి రాయి విసిరాడు. రాయిని చూసినవాళ్ళు ఉండరు. కారులో రాయి దొరకదు. నేను వెళ్ళేసరికి వర్క్‌షాపువాళ్ళు ముక్కలన్నీ ఊడ్చి గోనెసంచిలో పోసి ఉండేవారు. ఆ వాక్యాన్ని నమ్మడానికీ, కాదనడానికీ నా దగ్గర ఆధారం ఏమీ మిగిలేది కాదు. అందుకే పంజాగుట్టలో చేరిన మొదటి వారంలోనే మా పరిధిలోని వర్క్‌షాపులన్నిటికీ ఒక మాట చెప్పి ఉంచాను. వెనక అద్దం పగిలిన బండి వస్తే, నేను చూసేదాకా ఒక్క ముక్క కూడా కదపొద్దని.

ఇది చదివేవారికి ముందుగా ఒక సంగతి చెప్పాలి. కారు ముందు అద్దం, వెనక అద్దం ఒకటి కావు. ముందుది రెండు పలుచని గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. దెబ్బ తగిలితే సాలెగూడులా బీటలు వారుతుంది గానీ రాలిపోదు. వెనకది ఒకే పలక. దాన్ని కొలిమిలో ఎర్రబడేదాకా కాల్చి, రెండు వైపుల నుంచీ చల్లగాలి ఒక్కసారిగా కొడతారు. పైపొర ముందు గట్టిపడిపోతుంది. లోపలి గాజు తర్వాత నింపాదిగా చల్లారుతూ, కుంచించుకుపోతూ, గట్టిపడిన పైపొరను లోపలికి లాగుతుంది. ఆ లాగుడు ఇక ఎప్పటికీ ఆగదు. పైపొర నొక్కుకుని ఉంటుంది, లోపలి పొర సాగదీసినట్టు ఉంటుంది. రెండూ సరిసమానంగా ఉన్నంతకాలం మామూలు గాజుకంటే ఎన్నో రెట్లు బలం. ఆ సమానత్వం ఒక్కచోట తెగితే చాలు, అద్దం మొత్తం ఒకేసారి పోతుంది. పగులు గాజులో ఎంత వేగంగా పరుగెడుతుందంటే, చప్పుడు మన చెవికి చేరేలోపే పలక అంతా ముక్కలై ఉంటుంది. శిక్షణ కాలేజీలో ఈ విషయం విన్నప్పుడు, ఇన్నాళ్ళూ కారు వెనక సీట్లో కూర్చుని ఎలాంటి దాని పక్కన కునుకు తీశానా అని ఒళ్ళు జలదరించింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం రవిశంకర్ గారు ఆఫీసుకు ఫోను చేశారు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో డేటాబేస్ పాఠాలు చెబుతారు. తెనాలి వైపువారు, శ్రీనగర్ కాలనీలో ఉంటారు.  భార్య పద్మజ, నాలుగేళ్ళ కూతురు హారిక ఆ రోజు ఆయన్ని కలవడానికి సెంటరుకు వచ్చారు. ముగ్గురూ ఇంటికి బయలుదేరారు. పొద్దుట్నుంచీ ఎండలో కాలిన కారు. ఎక్కగానే ఏసీ పూర్తిగా పెట్టారు. పిల్ల వెనక సీట్లో పడుకుని నిద్రపోయింది. కారు సందులో నాలుగు బారలు కదిలిందో లేదో తుపాకి పేలినట్టు చప్పుడు. వెనక్కి తిరిగి చూస్తే సగం అద్దం పిల్లమీద కూలి ఉంది.

"ఒంటినిండా గాజు ముక్కలే మేడం. జుట్టులో, గౌను మడతల్లో, చేతివేళ్ళ మధ్య కూడా. వణికిపోతూ ఒక్కొక్కటే ఏరాం. ఒక్క గీత కూడా పడలేదు. ఎలా పడలేదో నాకిప్పటికీ అర్థం కావట్లేదు," అన్నారాయన.

అది ఆ గాజు గుణం. లోపల అంత ఒత్తిడి దాచుకున్నదే, పగిలేటప్పుడు మాత్రం కత్తుల్లాంటి చీలికలుగా కాకుండా మొద్దు అంచుల చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. దాన్ని అలా పగలడానికే తయారుచేస్తారు. ఈ సంగతి నాకు తెలిసినదే అయినా, నిద్రపోతున్న పిల్ల మీద అంత గాజు కూలి గీత కూడా పడలేదన్న మాటను మరోసారి అడిగి నిర్ధారించుకున్నాను.

తర్వాత ఆయన చెప్పిన విషయం వేరు. అద్దం పేలగానే వెనక్కి చూస్తే, గోలీసోడా బండి యాదయ్య చేతిలో సీసాతో నిలబడి ఉన్నాడట. అంతకు కాసేపటి ముందే ఇద్దరికీ మాటా మాటా అయింది. కారు అడ్డం పెడితే తన బండి తిరగడం లేదని యాదయ్య రోజూ అనేవాడు. ఆ రోజు గొంతు పెంచి, "రేపు మీ కారుకు ఏమన్న అయితే నన్నడగద్దు సారూ," అన్నాడు. పదిమంది విద్యార్థులు విన్నారు. అద్దం పేలాక రవిశంకర్ గారు కారు దిగి అతని రెక్క పట్టుకుని రోడ్డు మధ్యకు గుంజారు. పోలీసులు వచ్చి వెనక సీటు కింద వెతికితే ముక్కల మధ్య ఒక గోలీ దొరికింది. సోడాసీసా మెడలో ఉండే గాజు గోలీ.

"నా కూతురున్న కారు మీద కొట్టాడు మేడం. ఇక నేను వదలను," అన్నారు.

నేను వెంటనే ఆయన కారును చేర్చిన పంజాగుట్టలోని వర్క్‌షాపుకు ఫోను చేశాను. ఫోర్‌మన్ అన్వర్ భాయ్ ఫోనెత్తి, "ఫికర్ జెయ్యకుండ్రి మేడం. మీరు జెప్పినట్లే ఉంచిన. ఎవ్వర్ని ముట్టనియ్యలే," అన్నాడు.

మర్నాడు ఉదయం ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. యాదయ్య భార్య లక్ష్మమ్మ. బోరబండ నుంచి నడిచి వచ్చింది. బీమా ఆఫీసు రిపోర్టు వస్తే గానీ కేసు సంగతి తేలదని స్టేషన్లో ఎవరో చెప్పారట.

"రాత్రి ఇంటికి పంపిండ్రు, పొద్దుగాల మళ్ళ రమ్మన్నరు. బండి ఆడనే పెట్టుకున్నరు. ఎండకాలంల సోడా అమ్ముకుంటెనే మాకు ఏడాది గడుస్తది మేడం," అంది.

గోలీ సంగతి అడిగాను.

"గా గోలీ పొల్లకు తనే ఇచ్చిండంట. సీసా పలిగితె గోలీ ఉత్తగ పారేసుడెందుకని పిల్లలకిస్తుంటడు. గదే జెప్తుండు, ఎవ్వలు ఇంటలేరు. పొల్ల ఉన్న కారు మీద ఎట్ల ఇసురుతడు మేడం? ఆయనకు సుత ఆడిపిల్లలే."

ఆమె మాట నిజమని నేను అనలేదు, అబద్ధమనీ అనలేదు. అద్దం చూస్తానని మాత్రం చెప్పాను.

వర్క్‌షాపుకు బయలుదేరే ముందు స్టేషన్‌కు వెళ్ళి సబ్ ఇన్‌స్పెక్టర్‌ను కలిశాను. బీమా నియమాల ప్రకారం ఎవరైనా కావాలని చేసిన నష్టానికి ఎఫ్ఐఆర్ కాపీ ఉండాలి. అది ఇంకా కట్టలేదని, నా పరిశీలన అయ్యాక కడతానని ఆయన అన్నాడు. "గోలీ దొరికింది, బెదిరించింది పదిమంది విన్నారు. ఇంకేం చూస్తారు మేడం?" అని అడిగాడు గానీ, నేను కోరగానే సాక్షిగా ఒక కానిస్టేబుల్‌ను వెంట పంపాడు.

వర్క్‌షాపులో కారు వెనక వైపుకు వెళ్ళగానే నా అదృష్టం నాకు అర్థమైంది. రవిశంకర్ గారు అద్దానికి లోపలి వైపు నల్లని సన్‌ఫిల్మ్ వేయించి ఉన్నారు. సగం కూలినా, మిగతా సగం ఫిల్మ్‌కు అతుక్కుని చట్రంలోనే వేలాడుతోంది. ముక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అద్దం పగిలాక ఆ పగుళ్ళ పటం చెదరకుండా నాకు దొరకడం సర్వీసులో అదే మొదటిసారి.

ముందు ఫొటోలు తీశాను. తర్వాత అన్వర్ భాయ్, ఇంకో ఫిట్టరు చెరో వైపు పట్టుకుని ఆ పలకను కదలకుండా కోసి, తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద పడుకోబెట్టారు. కిటికీ వెలుతురు పక్కనుంచి పడింది. వేల ముక్కల మధ్య సన్నని గీతలు, ఎండిన చెరువులో బురద పగిలినట్టు. మొదట అన్నీ ఒకేలా కనిపించాయి. కాసేపు చూస్తూ నిలబడితే ఆ గీతలకు ఒక దారి ఉందని తెలిసింది. ఎక్కడెక్కడివో పగుళ్ళన్నీ ఒక చోటి నుంచి విసనకర్రలా విచ్చుకుని బయటికి పోతున్నాయి. వేలితో వెనక్కి వెనక్కి వెళ్ళాను. కింది అంచుకు జానెడు పైన వేలు ఆగింది.

అక్కడ రెండు ముక్కలు మిగతావాటికంటే కాస్త పెద్దవి. పక్కపక్కనే ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా, రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఉన్నాయి.

అలాంటి ఆకారం గురించి శిక్షణలో ఒకసారి విన్నాను. కంటితో చూస్తానని ఎన్నడూ అనుకోలేదు. అన్వర్ భాయ్ వంగి చూసి, "యా అల్లా," అన్నాడు. "ఇన్నేండ్లల్ల గిట్లాంటిది నేను సుత చూడలే మేడం."

అయినా తొందరపడదలచుకోలేదు. వెనక అద్దం దానంతటదే పగలడానికి కారణాలు చాలా ఉంటాయి. బిగించేటప్పుడో, డిక్కీలో సామాను పెట్టేటప్పుడో అంచుకు చిన్న పెచ్చు ఊడితే నెలల తర్వాత ఎండకో చలికో అది పగులై పాకుతుంది. బండి బాడీ మెలి తిరిగినా, ఇంతకు ముందు మార్చిన అద్దాన్ని సరిగ్గా కూర్చోబెట్టకపోయినా ఒక మూల మీద భారం పడుతుంది. అద్దం మీద మంచు కరిగించే సన్న తీగలు ఒకచోట కాలినా వేడి అక్కడే పోగవుతుంది. ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. చట్రానికి మిగిలిన అంచుల్లో పెచ్చు లేదు. మూల నుంచి మూలకు టేపుతో కొలిస్తే బాడీ సరిగ్గానే ఉంది. గమ్ము ఫ్యాక్టరీలో వేసినదే. తీగలు కాలిన జాడ లేదు. ఏదైనా వచ్చి తగిలి ఉంటే, తగిలిన చోట గాజు నలిగి తెల్లని పిండిలా చిన్న గుంట పడాలి. పగుళ్ళు మొదలైన చోట బయటి వైపు నున్నగా ఉంది. గోలీని స్టేషన్లోనే భూతద్దంతో చూశాను. దాని మీద కూడా చిన్న గాటు లేదు.

అప్పుడు భూతద్దం ఆ రెండు రెక్కల మధ్యకు తెచ్చాను. రెండూ కలిసే అంచులో, గాజు మందానికి సరిగ్గా నడుమ, ఒక నల్ల చుక్క కనిపించింది. ఆవగింజను ఎన్నో ముక్కలు చేస్తే వచ్చే ఒక నలుసంత.

కానిస్టేబుల్ ఎదుటే ఆ రెండు ముక్కలకు పైన టేపు వేసి, చుట్టూ ఫిల్మ్ కోసి, డబ్బాలో పెట్టాను. మా ఆఫీసు కింది అంతస్తులో రక్తపరీక్షల ల్యాబు ఉండేది. అక్కడి డాక్టరు వసుంధర గారికి సంగతి చెప్పి మైక్రోస్కోపు అడిగాను. రవిశంకర్ గారిని కూడా రమ్మని కబురు చేశాను. ఆయన కారు విషయంలో ఏం తేలినా ఆయన కళ్ళెదుటే తేలాలనుకున్నాను.

వసుంధర గారు గాజు ముక్కను బల్ల మీద పెట్టి, అన్నిటికంటే తక్కువ శక్తి ఉన్న లెన్సు తిప్పారు. కింది నుంచి వెలుగు పడితే గుండ్రని నల్లని నీడ తప్ప ఏమీ కనబడలేదు. ఆవిడ ఆ దీపం ఆర్పి, టార్చిలైటు తీసుకుని పక్కనుంచి వేశారు. కంటిని లెన్సుకు ఆనించినావిడ అలాగే ఉండిపోయారు.

"ఏంటండీ ఇది? బంగారపు పూసలా ఉంది," అన్నారు చివరికి.

తర్వాత నేను చూశాను. పసుపుపచ్చని చిన్న గోళం. పైన గరుకుగా, చిన్న చిన్న బొడిపెలతో, ఏదో గ్రహాన్ని దూరం నుంచి చూస్తున్నట్టు ఉంది. దాని చుట్టూ స్వచ్ఛమైన గాజు. నేను నా సర్వీసులో కాలిపోయిన లారీలు చూశాను, నుజ్జయిన బస్సులు చూశాను. ఏదీ నన్ను అలా కట్టిపడేయలేదు. అంత చిన్నది అంత పని చేసింది.

అది నికెల్, గంధకం కలిసిన కణం. గాజు కరిగించేటప్పుడు ముడిసరుకుతో పాటు ఎలాగో చేరుతుంది. బాగా వేడిగా ఉన్నప్పుడు దాని రూపం ఒకటి, చల్లారాక ఉండాల్సిన రూపం ఇంకొకటి. రెండో రూపంలో అది కాస్త పెద్దది. అద్దాన్ని చల్లగాలితో ఒక్కసారిగా చల్లార్చడంతో మారే వ్యవధి దానికి దొరకదు. పాత రూపంలోనే చిక్కుకుపోతుంది. తర్వాత నెలలో ఏళ్ళో గాజు లోపల మెల్లగా మారుతూ, కొద్దికొద్దిగా ఉబ్బుతూ ఉంటుంది. ఎండ దానికి ఊతమిస్తుంది. అది పైపొరలో ఉంటే ఆ కారు తుక్కుకు వెళ్ళేదాకా ఏమీ జరిగేది కాదు. సాగదీసినట్టుండే నడిమి పొరలో ఉంది కాబట్టి, ఒక మధ్యాహ్నం, ఎవరూ తాకకుండానే, దాని గడువు పూర్తయింది.

రవిశంకర్ గారు ఇదంతా నిలబడే విన్నారు. తర్వాత వంగి లెన్సులో చూశారు. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇంత చుక్కా మేడం?"

"ఇంతే."

"ఇన్నాళ్ళూ మేం అందులోనే తిరిగాం," అన్నారు. ఆ వెంటనే పాఠం చెప్పే మనిషికి సహజమైన ప్రశ్న వేశారు. "సరే, మరి ఆ గోలీ ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

యాదయ్య చెబుతున్నది ఆయనకు చెప్పాను. అది నిజమో కాదో గాజు చెప్పదు, మీ అమ్మాయి చెప్పాలి అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. "నిన్నట్నుంచీ ఆ ఊసే దాని దగ్గర ఎత్తలేదండి. భయపడుతుందని," అన్నారు. కాసేపు ఆలోచించి, మీరూ రండి అన్నారు.

శ్రీనగర్ కాలనీలో వాళ్ళిల్లు మొదటి అంతస్తు. హారిక హాల్లో నేలమీద కూర్చుని రంగుల పెన్సిళ్ళు పరుచుకుని ఉంది. తండ్రి పక్కన కూర్చుని, నిన్న కారులో నీ దగ్గర ఏమైనా ఉందా తల్లీ అని అడిగారు. పిల్ల తల కూడా ఎత్తకుండా, "నా గోలీ. ఏది నాన్నా? ఇంకా తేలేదే?" అంది.

"ఎవరిచ్చారమ్మా?"

"సోడా తాత. అమ్మ ఫోన్లో మాట్లాడుతుంటే ఇచ్చాడు. నోట్లో పెట్టుకోవద్దన్నాడు. నేను పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుని పడుకున్నా."

పద్మజ గారు వంటింటి గుమ్మంలో నిలబడిపోయారు. రవిశంకర్ గారు లేచి చెప్పులు వేసుకున్నారు. నేరుగా స్టేషన్‌కు వెళ్ళాం. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఆయన రాసిచ్చారు. రాసే ముందు నేను ఒక విషయం స్పష్టంగా చెప్పాను. మా పాలసీ బయటి నుంచి జరిగిన ప్రమాదానికీ, కావాలని చేసిన నష్టానికీ వర్తిస్తుంది. గాజులో పుట్టిన లోపానికి వర్తించదు. రాయి పడలేదని నేను రాస్తే ఆయన క్లెయిము నిలవదు. "తెలుసండి. మీరు చూసిందే రాయండి," అన్నారాయన. సబ్ ఇన్‌స్పెక్టర్ ఆ చిన్న డబ్బా తెరిపించి, తను కూడా భూతద్దంతో చూసి, తల అడ్డంగా ఊపుతూ నవ్వాడు. సోడాబండి అప్పటికప్పుడు విడిచిపెట్టారు.

స్టేషన్ ఆవరణలోనే యాదయ్యను చూశాను. బక్కపలచని మనిషి, మెడలో తువ్వాలు. రవిశంకర్ గారు చేతులు జోడించి, తప్పయిపోయింది, క్షమించు అన్నారు.

 యాదయ్య బండి చక్రం చూసుకున్నాడు, సీసాలు లెక్కగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. తర్వాత తిరిగి అన్నాడు: "మీ బిడ్డకేం గాలె గదా సారూ. గది మంచిగైంది. గాని నన్ను పదిమంది ముంగట రెక్క పట్టి గుంజిండ్రు. గీడ చేతులు జోడిస్తె ఎవ్వలు చూసిండ్రు? గా పదిమందికి సుత జెప్పుండ్రి."

రవిశంకర్ గారి ముఖం ఎర్రబడింది. నేను అక్కణ్ణుంచి తప్పుకుందామనుకున్నాను. ఆయనే ఆపి, "ఆ పలక ఒకసారి మా క్లాసుకు తేగలరా మేడం?" అని అడిగారు.

రిపోర్టు ఇచ్చేశాక, మా డివిజనల్ మేనేజరు అనుమతి తీసుకుని వెళ్ళాను. మేడ మీద పొడవాటి హాలు. కూర్చోవడానికి చోటు లేక గోడల వెంట కూడా నిలబడిన విద్యార్థులు. ముందు వరసలో కుర్చీ వేసి యాదయ్యను కూర్చోబెట్టారు. అతను కుర్చీ అంచున, దిగిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. రవిశంకర్ గారు జరిగింది జరిగినట్టు చెప్పారు. ఈయన ఏ తప్పూ చేయలేదు, నేను మీ అందరి ఎదుటా ఈయన మీద చేయి వేశాను, అందుకే మీ అందరి ఎదుటా క్షమాపణ అడుగుతున్నాను అన్నారు. 

పాఠాలు చూపించడానికి అక్కడ ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు ఉండేది. పారదర్శక కాగితం పెట్టే గాజు బల్ల మీద, మేం కోసి తెచ్చిన పలక ముక్కను పెట్టాం. నల్ల ఫిల్మ్ కావడంతో కిటికీలన్నీ మూసి, దీపాలు ఆర్పాల్సి వచ్చింది. మసకగానే అయినా, గోడ నిండా ఆ పగుళ్ళు పరుచుకున్నాయి. నేలనుంచి పైకప్పుదాకా వెలుగు గీతలు. అన్నీ ఒక్క చోటి నుంచే బయలుదేరి హాలు అంచులదాకా పోతున్నాయి. ఆ చోట, రెండు రెక్కలు తీసేసిన ఖాళీలో నుంచి తెల్లని వెలుగు. నేను మాట్లాడదామని లేచాను గానీ, ఎవరూ కదలడం లేదని గమనించి ఆగాను. 

యాదయ్య లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఆ వెలుగు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "మస్తుగున్నది," అన్నాడు మెల్లగా. "దీని లోపల గింత కొట్లాట ఉన్నదా మేడం? బయటికి ఎంత సల్లగ కనబడ్తది." తర్వాత రవిశంకర్ గారి వైపు తిరిగి, "ఇంక కారు ముందలికి పెట్టుకోండ్రి సారూ," అన్నాడు. హాలంతా నవ్వింది.

ఆ నవ్వుల మధ్య విద్యార్థులు అడిగిన మొదటి ప్రశ్న, పగిలిన అద్దాన్ని అతికించలేరా అని. అందరూ అడిగేదే కనుక ఇక్కడా చెబుతాను. ముందు అద్దానికి చిన్న గాటు పడితే రెసిన్ అనే జిగురు నింపి నిలబెట్టవచ్చు. వెనక అద్దానికి మరమ్మతు లేదు, మార్చడమే. పగిలిన వెంటనే చేయాల్సింది ఊడిన ముక్కలను తీసి, తెరిచిన భాగాన్ని పాలిథిన్ షీటుతో మూయడం. షీటు అంటించిన టేపు కారు రంగు మీద ఎక్కువసేపు ఉంటే రంగు లేస్తుంది. వర్క్‌షాపులో సీట్ల సందులు, సీటుబెల్టు బిగించే చోట్లు, డిక్కీ అంచులు గాలియంత్రంతో పీల్చి శుభ్రం చేస్తారు. పాత గమ్మును పూర్తిగా చెక్కేయరు, పలుచని పొర వదిలి కోస్తారు. దాని మీదే కొత్త గమ్ము బాగా పట్టుకుంటుంది. అద్దం నల్లని అంచుకు ప్రైమరు పూసి, చట్రం చుట్టూ గమ్మును ఎక్కడా తెగకుండా ఒకే ధారగా వేసి, గాజుకు గట్టిగా అతుక్కునే రబ్బరు కప్పులతో పట్టుకుని అద్దాన్ని కూర్చోబెడతారు. వేడి తీగల కనెక్షన్లు కలుపుతారు. గమ్ము ఆరేదాకా ఒక కిటికీ కాస్త దించి ఉంచాలి. లేకపోతే డోరు గట్టిగా వేసినప్పుడు లోపలి గాలి కొత్త అద్దాన్ని బయటికి తోస్తుంది.

రవిశంకర్ గారి కారుకు అన్వర్ భాయ్ స్వయంగా అద్దం వేశాడు. బిగించే ముందు అంచు చుట్టూ వేలి గోరుతో తడిమాడు. అద్దాన్ని ఎప్పుడూ సిమెంటు నేలమీద మూలకు ఆనించి నిలబెట్టనివ్వడు, కింద గోనె పరుస్తాడు. ఎందుకని నేను అడగలేదు. మూల దగ్గర చిన్న గాటు ఏం చేస్తుందో ఇద్దరికీ తెలుసు.

నా రిపోర్టు మీద క్లెయిము తిరస్కరించారు. మేనేజరు ఫైలు మూసేటప్పుడు, ఇంత శ్రమ ఎందుకు పడ్డావమ్మా, రాయి అని రాసి ఉంటే నీకూ ఆయనకూ కూడా సులువుగా పోయేది కదా అన్నారు. అలా రాసి ఉంటే స్టేషన్లోనే ఉండిపోయే సోడాబండి సంగతి చెప్పాను. ఆయన సంతకం చేశారు.

తర్వాత పదవీ విరమణ దాకా పగిలిన అద్దాలు చాలానే చూశాను. ఎక్కువ వాటిలో ముక్కలు రాలిపోయి ఉండేవి, పగులు ఎక్కడ మొదలైందో తేలేది కాదు. కొన్నిటిలో నిజంగానే రాయి ఉండేది. అలాంటి బంగారు కణం మళ్ళీ నా కంట పడలేదు. ఆ ఉదంతం నుంచి నేను నేర్చుకుని, కొత్తగా చేరిన ఇంజనీర్లకు శిక్షణలో చెప్పింది మూడు విషయాలే. చూసినదాన్ని, విన్నదాన్ని రిపోర్టులో వేర్వేరు పేరాల్లో రాయండి. అద్దం పగిలినప్పుడు వెనక నిలబడి ఉన్న మనిషి అద్దం పగలడానికి కారణం కాకపోవచ్చు. పగులు మొదలైన చోటు దొరక్కపోతే, కారణం తెలియలేదు అని రాసి సంతకం పెట్టండి.